పేరు వారిది, పొయ్యి మనది

ఇటీవల మన బళ్ళారిలో హోటలు వ్యాపారము రూపు మార్చుకొనుచున్నది. కౌల్ బజారులో గాని, బ్రూస్‌పేటలో గాని ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ అమ్మి నాలుగు కాసులు కూడబెట్టిన పెద్దలు తమ పేరుతోనో, తమ ఇలవేల్పు పేరుతోనో బోర్డు కట్టుకొనెడివారు. నేడు వారి కుమారులు బెంగుళూరు, హైదరాబాదు కంపెనీల పేర్లతో బోర్డులు కట్టుచున్నారు. తేనీటి అంగడికి ఫ్రాంచైజీ, బిరియానికి ఫ్రాంచైజీ, పిజ్జాకు ఫ్రాంచైజీ. సిరుగుప్ప, కంప్లి ప్రాంతపు క్యాంపులలో రెండెకరముల పొలమమ్మి ఆ సొమ్ము నిందులో పెట్టుచున్న తెలుగు కుటుంబములును గలవు. యువకులు సాహసించి వ్యాపారములోనికి దిగుట సంతోషింపదగిన విషయమే. కాని వారు సంతకము చేయు ఒడంబడికలో భీమాను గూర్చిన షరతు ఒకటి యుండును. దానిని చదివి సంతకము చేయువారు అరుదు. ఆ షరతును గూర్చియే ఈ నాలుగు మాటలు.

నేను న్యాయవాదిని కాను. పదవ తరగతితో చదువు ముగించి తక్కెడ పట్టినవాడను. హోటళ్ళకు పప్పు, బియ్యము, నూనె అరువిచ్చి నెల తిరుగగానే బాకీ వసూలు చేసికొను వర్తకుడను. ఒక హోటలు కాలిపోయినచో దాని యజమానితోపాటు నావంటి నలుగురు వర్తకుల బాకీలును కాలిపోవును. కావున ఇది హోటలు వారి సొంతగొడవ యని ఎవరును అనుకొనరాదు.

ఫ్రాంచైజీ యనగా నేమి? పేరు, వంట విధానము, మసాలా పొడి కంపెనీవి. అంగడి, అద్దె, పొయ్యి, పనివారు, అప్పు మనవి. "సొమ్మొకడిది, సోకొకడిది" అను సామెత దీనికి చక్కగా సరిపోవును. మన దేశములో ఫ్రాంచైజీ వ్యాపారమునకు ప్రత్యేక శాసనము లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దీనికిని ఆధారము. అనగా కాగితముపై ఏమి వ్రాసి సంతకము చేసితిమో, మిక్కిలి వరకు అదే మనకు శాసనము. ఆ చట్టములోని 124వ సెక్షను ఒకరి నష్టమును మరియొకరు భరించెదమని చేయు ఒప్పందమును గుర్తించుచున్నది. ఫ్రాంచైజీ ఒడంబడికలలో సాధారణముగా ఈ పూచీ ఒకే వైపు నుండి వ్రాయబడును. అంగడిలో ఏ ప్రమాదము జరిగినను, దాని వలన కంపెనీకి కలుగు నష్టమును అంగడి యజమాని భరింపవలెనని దాని సారాంశము.

ఆ పూచీకి తోడుగా భీమా షరతు వచ్చును. అగ్నిప్రమాదమునకు, సరుకులకు, యంత్రములకు భీమా చేయింపవలెను. పనివారికి భీమా యుండవలెను. తినవచ్చినవారికి హాని కలిగినచో చెల్లించు పరిహారమునకు వేరుగా భీమా యుండవలెను. ఆ పాలసీలలో కంపెనీ పేరును కూడ చేర్పవలెను. ప్రతి సంవత్సరము దాని నకలు పంపవలెను. గడువు తప్పినచో ఒడంబడిక రద్దు చేయవచ్చును. కట్టిన డిపాజిట్టు తిరిగి రాకపోవచ్చును. ఒక్కొక్క కంపెనీ కాగితములో మాటలు మారవచ్చునుగాని ధోరణి ఇదియే.

ఈ షరతు అన్యాయమని నేను చెప్పుట లేదు. కంపెనీ కోరకున్నను భీమా చేయించుకొనుట మన క్షేమము కొరకే. అయితే కంపెనీ కోరిన భీమా వేరు, శాసనము విధించిన బాధ్యత వేరు, మన యవసరము వేరు. ఈ మూడింటిని వేరుచేసి చూచుకొనకపోవుటయే ప్రమాదము.

మొదట శాసనమును చూతము. 1923 నాటి పనివారి పరిహార చట్టమును, 1948 నాటి ఉద్యోగుల రాజ్య భీమా చట్టమును 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేర్చిరి. అది 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. పది మంది గాని, అంతకు మించి గాని పనివారున్న చోట ఇ.ఎస్.ఐ. వర్తించును. 2019 జూలై నుండి దాని చందా యజమాని వంతు జీతములో నూటికి 3.25, పనివాని వంతు 0.75. ఇంతవరకు చాలమందికి తెలిసినదే. తెలియనిది మరియొకటి గలదు. పదిమంది లోపు పనివారున్నచో ఇ.ఎస్.ఐ. తప్పినదని మనవారు ఊపిరి పీల్చుకొందురు. నిజమునకు బరువు అప్పుడే ఎక్కువగును. ఇ.ఎస్.ఐ. లేని చోట పనిలో ప్రమాదము జరిగి పనివాడు మరణించినచో, పరిహారము యజమాని తన జేబు నుండి చెల్లింపవలసినదే.

అది ఎంతయగునో లెక్క వేసి చూడుడు. నెల జీతములో సగమును వయస్సును బట్టి నిర్ణయించిన ఒక అంకెతో హెచ్చవేయవలెను. 25 సంవత్సరముల వానికి ఆ అంకె 216.91. పాత చట్టము క్రింద 2020లో నిర్ణయించిన రూ. 15,000 జీతపు పరిమితిని తీసికొన్నచో, అందు సగము రూ. 7,500. హెచ్చవేయగా వచ్చునది రూ. 16,26,825. చిన్న తేనీటి అంగడి యజమాని ఇంత మొత్తము ఎచట నుండి తెచ్చును? ఇల్లమ్మవలెను, లేదా ఊరు విడువవలెను. మరణించిన వాని కుటుంబమునకు అప్పటికిని పూర్తి సొమ్ము చేరునను నమ్మకము లేదు. ఎనిమిది మందితో నడుచు అంగడికి పనివారి పరిహార భీమా అలంకారము కాదు, పునాది.

రెండవది, తినవచ్చినవారి విషయము. 2006 నాటి ఆహార భద్రతా చట్టము 65వ సెక్షను ప్రకారము, కలుషితాహారము వలన మరణము సంభవించినచో పరిహారము 5 లక్షల రూపాయలకు తగ్గరాదు. తీవ్రమైన హానికి 3 లక్షల వరకు, ఇతర హానికి లక్ష వరకు విధింపవచ్చును. అగ్ని భీమా పాలసీ ఇందులో ఒక్క రూపాయి కూడ ఈయదు. అది మన సొత్తు కాలినప్పటికే గాని, అన్యులకు మన వలన కలిగిన హానికి కాదు. "మాకు భీమా యున్నది" అని నిశ్చింతగా నుండువారు, ఏ భీమా యున్నదో బీరువా తెరచి చూచుకొనుట మంచిది.

ఇవి ఊహలు కావు. 2018 జనవరి 8వ తేదీ తెల్లవారుజామున బెంగుళూరు కె.ఆర్. మార్కెటు సమీపమున ఒక బారు రెస్టారెంటులో మంటలు చెలరేగి, రాత్రి లోపలనే నిద్రించిన ఐదుగురు పనివారు మరణించిరి. మన హోటళ్ళలో పనివారు బల్లలు ప్రక్కకు జరిపి పడుకొనుట లేదా? 2022 సెప్టెంబరు 12న సికిందరాబాదులో ఒక లాడ్జి భవనపు క్రింది భాగమున విద్యుత్ స్కూటర్ల అంగడిలో మొదలైన మంట, పొగ పైకెక్కి 8 మందిని బలిగొన్నది. పైన దిగినవారు చేసిన తప్పేమియు లేదు. ప్రక్కవాని నిప్పు మన గుమ్మము దాటుటకు మన అనుమతి అడుగదు. 2024 అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిని ఒక స్త్రీ మరణించినది, పలువురు ఆసుపత్రుల పాలైరి. అటుపిమ్మట తెలంగాణ ప్రభుత్వము పచ్చిగ్రుడ్డుతో చేయు మయొనీజును ఒక సంవత్సరము నిషేధించినది. ఒకటి పనివారి ప్రాణము, ఒకటి పొరుగువాని నిప్పు, ఒకటి పళ్ళెములోని పదార్థము. ఈ మూడు అపాయములకు మూడు వేర్వేరు భీమాలు కావలెను. ఒకటి మరియొకదాని పని చేయదు.

ఇక మన యవసరమును చూతము. 2021 ఏప్రిల్ 1 నుండి చిన్న వ్యాపారుల కొరకు "భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష" అను పాలసీని భీమా కంపెనీలన్నియు అమ్ముచున్నవి. ఒక చోట నున్న ఆస్తి విలువ 5 కోట్ల రూపాయల లోపున్నవారు దీనిని తీసికొనవచ్చును. అగ్ని, పేలుడు, తుఫాను, వరద మొదలగునవి ఇందులో చేరియున్నవి. మన ఊరి హోటళ్ళకు ఇది చాలును. కాని ప్రీమియము తగ్గునను ఆశతో మనవారు సరుకు విలువను తక్కువ చేసి వ్రాయించుచున్నారు. దాని ఫలమేమి? ఇరువది లక్షల సొత్తును పది లక్షలకే భీమా చేసితిరి. నాలుగు లక్షల నష్టము వచ్చినది. పది లక్షల పాలసీ యున్నది గదా, నాలుగు లక్షలును వచ్చునని మీరనుకొందురు. వచ్చునది రెండు లక్షలే. సగమునకే భీమా చేసినవాడు తక్కిన సగమునకు తానే భీమాదారుడైనట్లు లెక్క. ఈ సూక్ష్మ ఉద్యమ పాలసీలో నూటికి 15 వంతుల లోపు తక్కువైనచో మన్నింతురు; అంతకు మించినచో కోత తప్పదు.

మరియొక మాట. మనము అద్దెకున్న భవనమునకు యజమాని భీమా చేయించియుండవచ్చును. అది ఆయన గోడలకే గాని మన ఫ్రిజ్జులకు, పొయ్యిలకు కాదు. బ్యాంకు అప్పిచ్చునప్పుడు భీమా చేయించును. అందు బ్యాంకు పేరు వ్రాసియుండును. నష్టపరిహారము వచ్చినచో తొలుత అది అప్పు ఖాతాలో జమయగును. ఫ్రాంచైజీ కంపెనీ తన పేరు చేర్పించుకొనును. భవన యజమాని క్షేమము, బ్యాంకు క్షేమము, కంపెనీ క్షేమము. ప్రీమియము కట్టినవాడు మాత్రము బూడిదలో నిలువవలెనా? పాలసీలో మన మూలధనమునకు, మన సరుకునకు ఎంత మిగులునో ముందుగా అడుగవలెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న ప్రయోజనమేమి?

పాలసీ యున్నను చెల్లకుండ జేయు చిన్న పొరపాటులును గలవు. 1938 నాటి భీమా చట్టము 64వి.బి. సెక్షను ప్రకారము ప్రీమియము చేతికి ముట్టనిదే భీమా కంపెనీ అపాయమును తలకెత్తుకొనరాదు. చెక్కు తిరిగివచ్చినచో పాలసీ కాగితము వట్టి కాగితమే. పాలసీ ఒక చిరునామాకు వ్రాయబడును. బళ్ళారిలో ఒక అంగడి, రాయదుర్గములోనో ఆదోనిలోనో మరియొక అంగడి నడుపువారు రెండు చిరునామాలను వ్రాయించిరో లేదో చూచుకొనవలెను. గృహములకిచ్చు 14.2 కిలోల సిలిండరును హోటలులో వాడుట 2000 నాటి ఎల్.పి.జి. ఉత్తరువు ప్రకారము నిషిద్ధము. ఆ సిలిండరు పేలినచో భీమా కంపెనీ అడుగు మొదటి ప్రశ్న ఏదియో చెప్పనక్కరలేదు. సిలిండరులో మిగిలిన నాలుగు వందలకు ఆశపడి నలుబది లక్షల పాలసీని చిక్కులో పెట్టుట వర్తకము కాదు.

ఇంతవరకు చెప్పినదంతయు ఒక్క ప్రశ్నకు వచ్చి నిలుచును. ఇవి మనవారికేల తెలియవు? బుద్ధి లేక కాదు. తూకములో తులము తేడా పట్టగల మన వర్తకులు తమ పాలసీలో పదివంతుల తేడాను పట్టలేకపోవుటకు కారణము భాష. ఒడంబడిక ఇంగ్లీషు, ప్రతిపాదన పత్రము ఇంగ్లీషు, పాలసీ ఇంగ్లీషు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయినవి. బళ్ళారి మైసూరులో చేరినది. నాటి నుండి మనము బడి కొరకు, కచేరి కాగితముల కొరకు భాషా హక్కుల నడుగుచు వచ్చితిమి. అవి ముఖ్యమే. కాని ఇంటి పొలము, ఆడవారి నగలు తాకట్టుపడు కాగితమును మన భాషలో అడుగవలెనని మనకు తోచలేదు. ఇందు కన్నడ సోదరులతో మనకు తగవు లేదు. ఈ ఇంగ్లీషు కాగితము ముందు మన పొరుగున ఖానావళి నడుపు కన్నడ వర్తకుడును మనవలెనే బిక్కమొగము వేయుచున్నాడు. ఆయనకు కన్నడములో, మనకు తెలుగులో కావలెనని ఇరువురము కలిసి అడుగవచ్చును.

అడుగుటకు ఆధారము గలదా యందురేమో. గలదు. పాలసీ పత్రములను రాజ్యాంగము గుర్తించిన భాషలలో అందింపవచ్చునని భీమా నియంత్రణ సంస్థ 2002 నాటి నిబంధనలలోనే చెప్పినది. ఆరోగ్య భీమా విషయములో పాలసీదారుడు కోరినచో ముఖ్యాంశముల పత్రమును స్థానిక భాషలో ఈయవలెనని 2023లో ఆదేశించినది. ఆ సూత్రమునే మన అంగళ్ళ భీమాకును పట్టుపట్టి అడుగవలెను. ఫిర్యాదులను కేంద్ర రాష్ట్రములలో వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారులకు సమర్పించు హక్కును రాజ్యాంగపు 350వ అధికరణము ప్రతి వ్యక్తికి ఇచ్చినది.

అదే 2002 నిబంధనలలో మరియొక సంగతి గలదు. ప్రతిపాదన పత్రమును మనము గాక ఏజెంటు నింపినచో, "ఇందలి విషయములన్నియు నాకు పూర్తిగా వివరింపబడినవి, నేను గ్రహించితిని" అను అర్థముతో మన చేత ఒక ధ్రువీకరణ వ్రాయింపవచ్చును. మన రక్షణ కొరకు పెట్టిన వాక్యమది. మనము చదువక దాని క్రింద చేవ్రాలు చేసినచో అదే మనకు ఉరిత్రాడగును. రేపు వివాదము వచ్చినప్పుడు "నాకు తెలియదు" అను మాట చెల్లదు. తెలిసినదని మనమే వ్రాసియిచ్చితిమి. వివరింపకయే వివరించితిరని సంతకము చేయుట మర్యాద కాదు, అబద్ధము. ఏజెంటు మన బంధువైనను, మిత్రుడైనను, "నాయనా, కూర్చుండి తెలుగులో చెప్పి పొమ్ము" అనుటలో నామోషీ ఏమియు లేదు.

కొందరు పెద్దలు, "ఇన్ని ప్రశ్నలడిగినచో కంపెనీవారు ఫ్రాంచైజీ మరియొకరికిత్తురు" అని భయపెట్టుచున్నారు. ఈ భయము పూర్తిగా నిరాధారము కాదు. ఒక్కడు అడిగినచో అట్లే జరుగవచ్చును. అందుకే సంఘము కావలెను. అమెరికాలో మనవారెందరో హోటళ్ళు నడుపుచున్నారు. అచట ఫ్రాంచైజీ అమ్మువాడు సంతకమునకు గాని, సొమ్ము పుచ్చుకొనుటకు గాని కనీసము 14 దినములకు ముందు 23 అంశములతో కూడిన వివరణ పత్రమును కొనువాని చేతికీయవలెనని ప్రభుత్వపు నియమము. ఆ పదునాలుగు దినములలో చదువుకొనవచ్చును, నలుగురి సలహా నడుగవచ్చును, మానుకొనవచ్చును. మన దేశములో అట్టి నియమము లేదు. రావలెనని పార్లమెంటు సభ్యులను మనము కోరవలెను. వచ్చువరకు ఆ పదునాలుగు దినములను మనకు మనమే విధించుకొనవచ్చును. నేడు చూపి నేడే సంతకము చేయుమను కాగితమును ముట్టనని ప్రతి తెలుగు యువకుడును నిశ్చయించుకొన్నచో, శాసనము చేయవలసిన పనిలో సగము మన నిశ్చయమే చేయును.

సంఘమునకు నా సూచనలు నాలుగు. మొదటిది, నెలకొక ఆదివారము సాయంకాలము సంఘ భవనములో కాగితములు చదువు కూటము నడుపుట. మన వారిలో న్యాయవాదులు, ఉద్యోగ విరమణ చేసిన బ్యాంకు, భీమా ఉద్యోగులు గలరు. వారు రెండు గంటలు వెచ్చించిన చాలును. రెండవది, భీమా పత్రములలో తరచు వచ్చు మాటలకు తెలుగులోను, కన్నడములోను అర్థములు వ్రాసి ఒక చిన్న కరపత్రము ముద్రించుట. మూడవది, ఒడంబడికకు ముందు కంపెనీకి వ్రాయవలసిన ప్రశ్నల జాబితా తయారుచేయుట. కంపెనీ పంపిన మసాలా, మాంసము చెడి హాని కలిగినను పూచీ మనదేనా? కంపెనీయే పూచీ వహించునని ఎదురు షరతు వ్రాయుదురా? భీమా కంపెనీని ఎన్నుకొను స్వేచ్ఛ మనకున్నదా? గడువు తప్పినచో సరిదిద్దుకొనుటకు ఎన్ని దినములిత్తురు? వీనికి జవాబు కాగితముపై రావలెను. ఫోనులో చెప్పిన మాట గాలికి పోవును. నాలుగవది, నష్టపరిహారము నిరాకరింపబడినవారికి చేయూత నిచ్చుట. మొదట భీమా కంపెనీకి వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను. ఒక నెలలో జవాబు రాకున్నను, వచ్చినది తృప్తికరము కాకున్నను భీమా అంబుడ్స్‌మన్ గారికి వ్రాయవచ్చును. సొంత యజమాన్యమున నడుచు అంగళ్ళును, సూక్ష్మ సంస్థలును ఇందుకు అర్హములు. బళ్ళారి వారికి బెంగుళూరు కార్యాలయము, రాయదుర్గము వారికి హైదరాబాదు కార్యాలయము. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఒక సంవత్సరము దాటనీయరాదు.

భీమా వలదని, దైవమే రక్షించునని చెప్పువారికి నా జవాబొక్కటే. దైవము రక్షింపవలసినది మనలనే కాదు. మన పొయ్యి ముందు చెమటోడ్చు వంటవానిని, మన పళ్ళెములో తిను బాటసారిని, మనకు అరువిచ్చిన వర్తకుని కూడ. వారిపట్ల మనకు గల ఋణము ఒక పాలసీ రూపమున బీరువాలో నుండుట ధర్మమునకు విరుద్ధము కాదు. పేరు కంపెనీదైనను, దాని క్రింద వెలుగు పొయ్యి మనది. పొయ్యి రాజేయుటకు ముందు ఆ కాగితమును మన భాషలో చదివించుకొందము. వచ్చు సర్వసభ్య సమావేశములో ఈ నాలుగు సూచనలను చర్చకు పెట్టవలసినదిగా కార్యవర్గమువారిని కోరుచున్నాను. హోటలు నడుపు సోదరులు తమ తమ పాలసీలను చేత పట్టుకొని ఆ సమావేశమునకు రావలెనని నా మనవి.